చెరువు అడుగున పాత బాకీ



గత నెల మా అమ్మమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. జవాబు నాకు ఇంగ్లీషులో తెలుసు. తెలుగులో చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి ఆ మూడు వారాల గురించే రాస్తున్నాను. ఎప్పటిలాగే తప్పులుంటే క్షమించండి, దిద్దితే ఇంకా సంతోషం.

మేము ఫ్లోరిడాలో, ఆర్లాండోకు పడమటి పక్కన ఉంటాం. మా ఇంటి నుంచి అపోప్కా అనే పెద్ద సరస్సుకు కారులో ఇరవై నిమిషాలు. అమ్మమ్మ మూడేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చింది. ఆమె ఊరు పటాన్‌చెరు దగ్గర. ఆ ఊరి చెరువు కింద ఆమె పేరు మీద రెండెకరాల పొలం ఉంది. ఒకప్పుడు వరి పండేది. ఇప్పుడు ఖాళీగా ఉంది. 1970ల నుంచి ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాయి. తర్వాత వాగు నీళ్ళ రంగు మారింది, చెరువులో చేపలు చచ్చాయి, బర్రెలు ఆ నీళ్ళు తాగడం మానేశాయి. ఇదంతా నేను అమ్మమ్మ నోటి నుంచి విన్నదే.

గత నెల హైదరాబాద్ నుంచి మామయ్య ఫోన్ చేశాడు. పొలం కొనడానికి ఎవరో వచ్చారట. అమ్మేద్దామా అని అడిగాడు. అమ్మమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆ రాత్రి నేను బూట్లకు అంటిన బురద కడుగుతుంటే నా పక్కన వచ్చి నిలబడింది.

"ఏందే బిడ్డా ఆ బురద?"

నెలకోసారి శనివారం నేను అపోప్కా ఒడ్డున నీటి మొక్కలు నాటడానికి వాలంటీరుగా వెళ్తాను. ఆ మాటే చెప్పాను. సరస్సు పాడైందని, దాన్ని బాగుచేయడానికి నీళ్ళలో గడ్డి నాటుతున్నామని.

"మొసళ్ళున్న నీళ్ళల్ల దిగినవా?" అని ముందు తిట్టింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగింది.

"ఆ గడ్డితోని మా చెరువు బాగైతదా?"

ఇదీ ప్రశ్న. దీని వెనక రెండెకరాలు ఉన్నాయి. నేను తప్పు చెబితే ఆమె తప్పు నిర్ణయం తీసుకుంటుంది. "అవుతుంది" అంటే లేని ఆశ పెట్టినట్టు. "కాదు" అంటే, అది కూడా నిజం కాదు. నిజం మధ్యలో ఎక్కడో ఉంది. మధ్యలో ఉన్న విషయం చెప్పాలంటే భాష బాగా రావాలి. "బాగుంది", "బాగాలేదు" స్థాయిలో ఉన్న నా తెలుగుకు అది కష్టం.

మొదటి ప్రయత్నం ఇలా జరిగింది. నిఘంటువు చూసి ఒక వాక్యం తయారుచేసుకున్నాను. "అమ్మమ్మా, చెరువు అడుగు అవక్షేపంలో పోషకాలు ఎక్కువయ్యాయి."

ఆమె అంది: "చెరువును ఏమడగాలె?"

మీకు అర్థమైందా? అడుగు అంటే ప్రశ్న అడగడం. అడుగు అంటే కింది భాగం. అడుగు అంటే నడిచే అడుగు కూడా. నేను "చెరువు అడుగున" అని ఉండాలి. ఆ ఒక్క "న" లేకపోవడంతో చెరువును ఏదో అడగమన్నట్టు అయింది.

అవక్షేపం అనే మాట ఆమె ఎప్పుడూ వినలేదు. చెరువు అడుగున పేరుకున్న మట్టిని వాళ్ళ ఊళ్ళో పూడిక అంటారు. వరద తెచ్చి పోసిన మెత్తటి సారవంతమైన మట్టి అయితే ఒండ్రు. కాలు దిగిపోయేదైతే అడుసు. నేను ఒక్క మాట కోసం వెతుకుతుంటే ఆమె దగ్గర మూడున్నాయి.

ఇక పోషకాలు అంటే? "పోషకాలు మంచియే కదా, ఎక్కువైతే ఏమైతది?" అని అడిగింది. సరైన ప్రశ్న. నేను ఇంకో దారి పట్టాను. "అమ్మమ్మా, పొలానికి డీఏపీ వేసేవాళ్ళు కదా? అందులో భాస్వరం ఉంటుంది. అది పొలం నుంచి, మురుగు నుంచి చెరువులోకి వస్తుంది. అక్కడ వరి లేదు, నాచు ఉంది. ఆ ఎరువు నాచు తింటుంది."

"ఓ, గదా! నీళ్ళు పచ్చగైతయి."

అంతే. అవక్షేపం, పోషకాలు రెండూ పక్కకు పోయాయి. పూడిక, డీఏపీ, నాచు మిగిలాయి. కథ మొత్తం ఈ మూడు మాటలతో చెప్పొచ్చు.

ముందు అపోప్కా కథ చెప్తాను. ఈ సరస్సు దాదాపు 30 వేల ఎకరాలు, కానీ లోతు సగటున ఐదారు అడుగులే. ఒకప్పుడు నీళ్ళు తేటగా ఉండేవట, అడుగున గడ్డి, అందులో చేపలు. చేపలు పట్టడానికి దూరాల నుంచి జనం వచ్చేవారు. 1920ల నుంచి ఊరి మురుగు, నారింజ ఫ్యాక్టరీల వ్యర్థం ఇందులో కలిశాయి. 1940ల్లో ఉత్తరం ఒడ్డున ఉన్న చిత్తడి నేలను, దాదాపు 20 వేల ఎకరాలు, ఆరబెట్టి కూరగాయల పొలాలు చేశారు. పొలాల్లో మిగిలిన నీళ్ళు, వాటితో పాటు ఎరువు, పంపులతో సరస్సులోకి తోశారు. 1947లో పెద్ద తుఫాను వచ్చి అడుగున ఉన్న గడ్డిని పీకేసింది. ఆ ఏడే నాచు నీళ్ళంతా పరుచుకుంది. అప్పటి నుంచి కొన్ని దశాబ్దాల పాటు సరస్సు పచ్చటి సూపులా ఉంది.

ఇక్కడ అమ్మమ్మ ఆపింది. "గడ్డి పోతే మల్ల మొలుస్తది కదా?"

మొలవలేదు. ఎందుకంటే నాచు నీళ్ళను కప్పేస్తే అడుగుకు ఎండ పడదు. ఎండ లేకపోతే గడ్డి రాదు. గడ్డి వేర్లు లేకపోతే బురదను పట్టుకునేది లేదు. గాలి వీచిన ప్రతిసారీ బురద లేస్తుంది, నీళ్ళు ఇంకా మబ్బుగా అవుతాయి. చచ్చిన నాచు కిందికి దిగి కొత్త బురద అవుతుంది. ఒకసారి ఈ చక్రంలో పడితే సరస్సు తనంతట తాను బయటికి రావడం చాలా కష్టం.

ఇంకో సంగతి ఉంది, అదే అన్నిటికంటే ముఖ్యం. పూడికలో దాగిన భాస్వరం అక్కడే ఉండిపోదు. అడుగున ప్రాణవాయువు ఉంటే అది ఇనుముతో కలిసి మట్టిలో కట్టుబడి ఉంటుంది. ప్రాణవాయువు తగ్గితే ఆ కట్టు విడిపోతుంది, భాస్వరం మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. అంటే ఈ రోజు బయటి నుంచి వచ్చే మురుగు పూర్తిగా ఆపినా, అడుగున ఉన్నది ఏళ్ళ తరబడి నీళ్ళను పాడుచేస్తూనే ఉంటుంది.

దీన్ని తెలుగులో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. చేతులు ఊపుతూ ఏదో చెప్పాను. అమ్మమ్మ రెండు మాటల్లో తేల్చేసింది.

"పాత బాకీ."

అవును. పాత బాకీయే. కొత్త అప్పు చేయడం మానేసినా పాత బాకీ తీరదు. ఎవరో ఒకరు తీర్చాలి.

మొక్కలు ఆ బాకీ ఎలా తీరుస్తాయి? ఇక్కడ రెండు రకాల మొక్కలను వేరుగా చూడాలి. నేను కూడా మొదట్లో కలిపేశాను.

ఒక రకం నీళ్ళ మీద తేలుతుంది. గుర్రపు డెక్క లాంటిది. దాని వేర్లు నీళ్ళలో వేలాడతాయి, కాబట్టి నీళ్ళలో ఉన్నదాన్ని తీసుకుంటుంది. అడుగు మట్టిని ముట్టుకోదు. ఇంకో రకం మట్టిలో వేరు దిగేది. తామర, జమ్ము, మేము నాటే ఈల్‌గ్రాస్ అనే రిబ్బన్ లాంటి గడ్డి. ఇవి పూడిక నుంచే తింటాయి. వేర్లతో మట్టిని పట్టుకుంటాయి. అల వచ్చినా బురద లేవనివ్వవు.

ఇంకో పని కూడా చేస్తాయి. తామర తూడును అడ్డంగా కోస్తే లోపల రంధ్రాలు కనిపిస్తాయి, మీరు చూసే ఉంటారు. అవి ఊరికే లేవు. గాలి ఆకు నుంచి వేరు దాకా ఆ గొట్టాల్లోంచి దిగుతుంది. వేరు చుట్టూ ఉన్న మట్టికి కూడా కొంచెం ప్రాణవాయువు అందుతుంది. అప్పుడు ఇనుము భాస్వరాన్ని మళ్ళీ పట్టుకుంటుంది. వేర్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవులు మిగతా చెత్తను కొంత విరగ్గొడతాయి. అమ్మమ్మకు ఇది చాలా నచ్చింది. చిన్నప్పుడు తామర తూడుతో నీళ్ళలో బుడగలు ఊదేవారట. "గాలి పోయే తొవ్వనే అది" అంది.

కానీ గుర్రపు డెక్క పేరు వినగానే ఆమె మొహం మారింది. "అది చెరువును కడగదు, మింగుతది."

నిజమే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అది. ఫ్లోరిడాకూ వచ్చింది, మన దేశానికీ వచ్చింది, రెండు చోట్లా నీళ్ళను కప్పేసింది. అనువుగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. కింద ఎండ లేకుండా, గాలి లేకుండా చేస్తుంది. విచిత్రం ఏమిటంటే, మురుగులోని నత్రజనిని, భాస్వరాన్ని, సీసం, కాడ్మియం లాంటి లోహాలను కూడా అది బాగా పీల్చుకుంటుంది. మరి మంచిదా, చెడ్డదా?

జవాబు మొక్కలో లేదు, మనం తర్వాత చేసే పనిలో ఉంది. మొక్క పీల్చుకున్నది మొక్కలోనే ఉంటుంది. అది అక్కడే చచ్చి అడుగుకు దిగితే, తీసుకున్నదంతా తిరిగి పూడికకు ఇచ్చేస్తుంది. బాకీ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది, అంతే. మొక్కను కోసి, ఒడ్డుకు లాగి, దూరంగా తీసుకుపోతేనే బాకీలో కొంత తీరినట్టు. అది తేలిక పని కాదు. గుర్రపు డెక్కలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. బండెడు లాగితే అందులో అసలు సరుకు కొంచెమే. ఇక లోహాలు పీల్చుకున్న మొక్క అయితే బర్రెలకు వేయకూడదు, కూరగాయల మడిలో ఎరువుగా వేయకూడదు. వేస్తే ఆ విషం తిరిగి మన పళ్ళెంలోకే వస్తుంది. లోహం కుళ్ళదు, విరగదు. ఎక్కడికి తీసుకుపోతే అక్కడే ఉంటుంది.

అమ్మమ్మ దీన్ని వెంటనే పట్టుకుంది. ఎందుకంటే ఆమె ఊళ్ళో ఇలాంటి పని ఒకటి పాతకాలం నుంచి ఉంది. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు రైతులు పూడిక తవ్వి, బండ్లలో పొలాలకు తోలుకునేవారు. చెరువు లోతయ్యేది, పొలానికి బలమొచ్చేది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు దాదాపు 46 వేల చెరువులను ఇలా బాగుచేయాలనుకున్నారు. రైతులు ఆ మట్టిని పొలాలకు తీసుకుపోయారు.

"మరి మా చెరువు మట్టి?" అని అడిగింది.

నేను ఏమీ అనకముందే తనే తల అడ్డంగా ఊపింది. ఫ్యాక్టరీల నీళ్ళు దిగిన పూడికను పొలంలో ఎవరు వేసుకుంటారు?

తర్వాతి శనివారం ఆమెను సరస్సుకు తీసుకెళ్ళాను. ఇక్కడ ఒక చిన్న మాట. సరస్సు అంటే తనంతట తాను ఏర్పడింది. చెరువు అంటే మనుషులు కట్ట కట్టి నీళ్ళు నిలిపింది. నేను రెండూ ఒకటే అనుకునేదాకా ఆమె ఊరుకుంది గానీ, అపోప్కా చూడగానే "దీనికి కట్ట లేదేంది? తూమేది? మత్తడేది?" అని వెతికింది.

ఒడ్డు దగ్గర మేము నాటిన గడ్డి చుట్టూ వల కట్టి ఉంటుంది, తాబేళ్ళు, చేపలు తినకుండా. ఆ వలను చూసి "నారుమడి తీరుగ ఉంది" అంది. నేను లోపల దిగి నాటుతుంటే పైనుంచి సలహాలు ఇచ్చింది. వేలితో గుంట చెయ్యి, వేరు నొక్కు, లాగి చూడు. ఆ రోజు నాతో పాటు నాటిన వాళ్ళకు ఆమె మాట ఒక్కటీ అర్థం కాలేదు, కానీ ఆమె చెయ్యి చూపించినట్టే నాటారు. వరి నాటిన చెయ్యి అది.

అక్కడే బెంచీ మీద కూర్చుని మిగతా కథ చెప్పాను. 1996లో రాష్ట్రం చట్టం చేసింది. పొలాలన్నీ కొనేసి మళ్ళీ చిత్తడి నేలగా మార్చడం మొదలుపెట్టింది. 1998లో కొన్ని పొలాల్లోకి నీళ్ళు వదిలితే కొంగలు, పెలికాన్లు గుంపులుగా దిగాయి. ఆ శీతాకాలంలో వందల పక్షులు చచ్చిపోయాయి. మట్టిలో పాత పురుగుమందులు మిగిలి ఉన్నాయి, అవి చేపల్లోకి, చేపల నుంచి పక్షుల్లోకి వెళ్ళాయి. మంచి పని చేస్తున్నామనుకున్నా, మట్టిని ముందు సరిగ్గా చూడకపోతే ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసింది.

తర్వాత 2003లో దాదాపు 760 ఎకరాల చిత్తడి నేలలోంచి సరస్సు నీళ్ళను నెమ్మదిగా పారించి, మొక్కల మధ్య మడ్డి దిగాక, తిరిగి సరస్సులోకి వదలడం మొదలైంది. 1993 నుంచి గిజార్డ్ షాడ్ అనే చేపలను టన్నులకొద్దీ పట్టి బయటికి తీసుకుపోతున్నారు. చేప ఒంట్లో కూడా భాస్వరం ఉంటుంది కదా, అదీ బాకీ తీర్చడమే. ఇప్పుడు నీళ్ళలో భాస్వరం సగానికి పైగా తగ్గింది. కొన్ని చోట్ల గడ్డి తనంతట తానే మొలుస్తోంది. ఇంకా పూర్తిగా బాగుపడలేదు.

అమ్మమ్మ అంతా విని రెండు ప్రశ్నలు వేసింది.

"ఎన్నేండ్లాయె?"

"చట్టం వచ్చి దాదాపు ముప్ఫై ఏళ్ళు."

"ముందుగాల్ల పొలాల నీళ్ళు ఆపిండ్రా?"

"ఆపారు అమ్మమ్మా. ముందు అదే చేశారు."

"మా దగ్గర ఆపిండ్రా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మామయ్యకు ఫోన్ చేసి అడిగాను. "పెద్ద వాన పడితే వాగులో ఇప్పటికీ నురగ వస్తది" అన్నాడు.

హైదరాబాద్‌లోనూ ఇలాంటి పని జరిగిందని అమ్మమ్మకు చెప్పాను. 2018 ఫిబ్రవరి 2న నెక్నాంపూర్ చెరువులో ఒక తేలే తోట వదిలారు. 3,000 చదరపు అడుగులు, అందులో దాదాపు 3,500 మొక్కలు. వట్టివేరు, మెట్టతామర, జమ్ము, ఇంకా తులసి కూడా. వెదురు తెప్ప మీద పెరుగుతాయి, వేర్లు నీళ్ళలోకి దిగి మురుగులోని ఎరువును తింటాయి. అమ్మమ్మ వట్టివేరు అనగానే వాసన గుర్తొచ్చినట్టు నవ్వింది. కానీ ఇది కూడా తేలే రకమే. నీళ్ళను శుభ్రం చేస్తుంది, అడుగున ఉన్న బాకీని నేరుగా ముట్టుకోదు. అది కూడా చెప్పాను. ఆమె నవ్వు కొంచెం తగ్గింది. అయినా చెప్పాలి కదా.

చివరికి నేను ఇచ్చిన జవాబు ఇది. మూడు వారాలు కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, ఆమె ముందు చదివాను.

"అమ్మమ్మా, గడ్డి ఒక్కటే చెరువును బాగుచేయలేదు. ముందు వాగులో వచ్చేది ఆగాలి. తర్వాత అడుగున ఏముందో పరీక్ష చేయాలి. మురుగే అయితే మొక్కలు చాలా సాయం చేస్తాయి, కానీ కోసి తీసుకుపోతూ ఉండాలి. లోహాలు ఉంటే మొక్కలు కొంచెమే తీసుకుంటాయి, మిగతా పూడికను జాగ్రత్తగా తవ్వి తీయాల్సి రావొచ్చు. ఏదైనా ఏళ్ళు పడుతుంది. బాగవుతుందని మాట ఇవ్వలేను. బాగుకాదని కూడా అనలేను."

చదవడం అయ్యాక నా చేతులు చల్లబడ్డాయి. ఇంత పొడుగ్గా తెలుగులో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

అమ్మమ్మ కాసేపు ఆలోచించింది. "నాకు ముప్ఫై ఏండ్లు లేవు" అంది. అంటే అమ్మేస్తుందనుకున్నాను. కానీ మామయ్యకు ఫోన్ కలపమంది. "కొనేటోళ్ళను ఆగమను. ముందుగాల్ల చెరువుల మట్టి, బావిల నీళ్ళు, నా పొలంల మట్టి పరీక్షకియ్యి. ఏముందో తెల్వకుండ నేను అమ్మ, ఉంచుకోను. కొనేటోనికి కూడ తెల్వాలె కదా, వాని పిల్లలు తాగుతరు ఆ నీళ్ళు."

మామయ్య కొంచెం గొణిగాడు. కొనేవాళ్ళు వెళ్ళిపోతారేమో అన్నాడు. "పోతే పోనీ" అంది.

పోయిన వారం అతను మూడు సీసాలు, రెండు సంచులు ల్యాబుకు ఇచ్చి వచ్చాడు. చెరువు అడుగు మట్టి కోసం మోకాలి లోతు దిగాడట. ఫోటో పంపాడు, ప్యాంటు నిండా నల్లటి అడుసు. అమ్మమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

ఈ మూడు వారాల్లో నాకు దొరికిన మాటలు: పూడిక, ఒండ్రు, అడుసు, తూము, మత్తడి, తూడు, బాకీ. వీటిలో సగం నా నిఘంటువులో ఉన్నా ఉదాహరణలు లేవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళ ఊరి చెరువు పేరేమిటి, మత్తడి ఎప్పుడు దూకేది, మట్టి ఎవరు తోలుకునేవారు. మాటలతో పాటు ఇంకేం బయటికి వస్తాయో చెప్పలేం.

రిపోర్టు వచ్చే వారం వస్తుంది. ఇంగ్లీషులో ఉంటుందట, నిండా అంకెలతో. దాన్ని అమ్మమ్మకు చదివి చెప్పాల్సింది నేనే. ఈసారి మూడు వారాలు పట్టకూడదు.